‘ఎలిక్సిర్’ – ఒక మాట పుట్టుక, ప్రయాణం, బాధ్యత

మనుష్యులకు వలెనే మాటలకు కూడా జన్మస్థలాలు, వలసలు, ఉచ్చనీచ దశలు ఉంటాయి. ఒక భాషలో సామాన్యంగా పుట్టిన మాట మరొక భాషలోనికి పోయి రాజభోగం అనుభవించవచ్చు. వేరొక భాషలో అంగడివీధికి దిగి గౌరవాన్ని కోల్పోవచ్చు. అట్టి విచిత్ర చరిత్ర గల ఆంగ్ల పదాలలో ‘ఎలిక్సిర్’ ఒకటి. దీని అర్థాన్ని వెదకబోయిన విద్యార్థికి అమృతమనీ, సిద్ధరసమనీ, లోహాన్ని బంగారంగా మార్చే ద్రవ్యమనీ, సకల రోగాలను మాన్పే మందనీ, చివరకు ఆల్కహాలు కలిపిన తియ్యని ఔషధమనీ ఒకదానితో ఒకటి పొంతన లేనట్లు కనిపించే అర్థాలు ఎదురవుతాయి. అమృతానికీ, బంగారానికీ, మందు సీసాకూ ఏమి సంబంధం?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది కేవలం శబ్దవినోదం కాదు. ఈ మాటకు సరియైన అర్థం ఏమిటన్న ఒక్క విషయం మీద ఒకానొక సందర్భంలో ఎందరో రోగుల ప్రాణాలు ఆధారపడినవి. ఆ సంగతి ముందు ముందు వివరిస్తాను.

పుట్టుక

ఈ పదానికి మూలం గ్రీకు భాషలో ఉంది. గ్రీకులో ‘క్సేరోస్’ అనగా పొడి అయినది, తడి లేనిది అని అర్థం. దానినుండి ‘క్సేరియోన్’ అనే మాట పుట్టింది. పుండ్లమీద, గాయాలమీద చల్లే ఆరబెట్టు పొడికి ఆ పేరు. అంటే ఈ పదం పుట్టినప్పుడు దానిలో మాయ లేదు, మంత్రం లేదు, అమరత్వం అసలే లేదు. గాయం తడి ఆరి మానడానికి వైద్యుడు చల్లిన పిడికెడు పొడి మాత్రమే అది.

మన పాఠకులకు ఈ గ్రీకు ధాతువు పరిచితమే. కళాశాల ముందరి అంగడిలో నోట్సుకు నకళ్లు తీయించుకొనే ‘జిరాక్స్’ అన్న మాట కూడా ‘క్సేరోస్’ నుండి కల్పించినదే. తడి సిరా లేకుండా పొడితో అచ్చువేసే పద్ధతి కనుక దానికి ఆ పేరు పెట్టారు. జిరాక్స్ యంత్రానికీ, అమృతభాండానికీ మధ్య ఇటువంటి దూరపు చుట్టరికం ఉన్నదని తెలిసినప్పుడు భాషాశాస్త్రం మీద ఎవరికైనా ఆసక్తి కలుగకమానదు.

అరబ్బుల చేతిలో

గ్రీకుల వైద్య, రసాయన గ్రంథాలు అరబ్బీలోనికి వచ్చిన కాలంలో ఈ మాట కూడా వచ్చింది. అరబ్బీలో అది ‘ఇక్సీర్’ అయింది. ముందు ‘అల్’ అనే ఉపపదం చేరి ‘అల్ ఇక్సీర్’ అయింది. తరువాత లాటిను పండితులు ఉపపదాన్నీ పదాన్నీ విడదీయక ఒకే మాటగా తీసికొనడంతో ‘ఎలిక్సిర్’ ఏర్పడింది. ఆల్కహాలు, ఆల్కలీ మొదలైన ఆంగ్ల పదాలలో కనిపించే ‘అల్’ కూడా ఇదే. ఆల్కహాలుకు మూలమైన ‘అల్ కుహ్ల్’ అనగా కండ్లకు పెట్టుకొనే సుర్మా పొడి. అదీ పొడియే, ఇదీ పొడియే. రెండూ ప్రయాణం చేసి ద్రవాలుగా మారినవి.

అయితే గాయాలమీది పొడి బంగారం చేసే ద్రవ్యంగా ఎట్లు మారింది? దీనికి రసవాదుల ఆలోచనా సరళిని గ్రహించాలి. లోహాలన్నింటికీ మూలం ఒక్కటేనని వారి నమ్మకం. బంగారంలో గుణాలు సమతూకంలో ఉంటాయి. సీసం, రాగి వంటి వానిలో ఆ తూకం చెడి ఉంటుంది. అంటే వారి దృష్టిలో సీసం ఒక విధమైన రోగి. వాతపిత్తాదులు చెడిన మనిషికి మందు ఇచ్చినట్లే, తూకం చెడిన లోహానికి కూడా మందు ఇవ్వవచ్చు. ఆ మందే ‘ఇక్సీర్’. జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరుతో ప్రచారంలో ఉన్న గ్రంథాలలో ఈ సమతూక సిద్ధాంతానికి గొప్ప స్థానం కలదు. లోహపు రోగాన్ని కుదిర్చే మందు మనిషి రోగాన్ని మాత్రం ఎందుకు కుదర్చదన్న ఊహ సహజంగానే కలిగింది. ఈ విధంగా బంగారమూ ఆయుష్షూ ఒకే మాటలో ఇమిడిపోయినవి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కాలపు పండితులందరూ ఈ కలను నమ్మినవారు కారు. రసవాదంపై ‘కితాబుల్ అస్రార్’ రచించిన అల్ రాజీ బంగారం మీది ఆశతోపాటు ఉప్పులు, క్షారాలు, పాత్రలు, కొలుములు మొదలైన వానిని వర్గీకరించి, ప్రయోగశాలకు ఒక క్రమాన్ని కల్పించాడు. మశూచికానికీ తట్టుకూ గల భేదాన్ని వివరించిన వైద్యుడు కూడా ఆయనే. ఇక ఇబ్న్ సీనా (980–1037) ‘కితాబుష్షిఫా’లో స్పష్టంగానే చెప్పాడు: రసవాదులు లోహానికి పైపై రంగు మార్చగలరే కాని దాని జాతిని మార్చలేరని. ‘ఇక్సీర్’ను లోకానికి ఇచ్చిన విద్యాసంప్రదాయమే దానిని శంకించడం కూడా నేర్పింది.

యూరపు ప్రయాణం

పన్నెండవ శతాబ్దంలో అరబ్బీ గ్రంథాలు లాటినులోనికి విరివిగా అనువాదమైనవి. 1144లో చెస్టరు నగరానికి చెందిన రాబర్టు అనే పండితుడు ఒక అరబ్బీ రసవాద గ్రంథాన్ని లాటినులోనికి తెచ్చాడు. ఇటువంటి అనువాదాల ద్వారా ఈ విద్యా, దాని పరిభాషా యూరపులో అడుగుపెట్టినవి. పద్నాలుగవ శతాబ్దం చివర ఛాసర్ మహాకవి తన ‘కాంటర్‌బరీ కథల’లో రసవాదుల మోసాలను పరిహసించే ఘట్టంలో ‘ఎలిక్సిర్’ను పేర్కొన్నాడు. అనగా ఆంగ్లంలో ఈ మాట కాలుపెట్టిన తొలిరోజులలోనే ఆశతోపాటు అపహాస్యమూ దాని వెంట నడిచింది.

తూర్పు దేశాలలో కూడా ఇటువంటి అన్వేషణ జరిగింది. చైనాలో ఇంగిలీకం, పాదరసాలతో చేసిన అమరత్వ గుళికలను ఆంగ్ల రచయితలు ‘ఎలిక్సిర్’ అనియే అనువదిస్తారు. చావును జయించగోరి అట్టి గుళికలను సేవించిన తాంగ్ వంశపు చక్రవర్తులలో కొందరు వానివల్లనే మరణించారని చరిత్రకారులు వ్రాశారు. మన దేశంలో సిద్ధ నాగార్జునుని పేరు రసవాదంతో ముడిపడి ఉంది. తెలుగునాట వేమనను గూర్చిన కథలలో సైతం బంగారం చేసే విద్య ప్రసక్తి వస్తుంది. ఇనుమును తాకి బంగారం చేసే రాయిని మనవారు ‘పరుసవేది’ అన్నారు.

కాలక్రమాన బంగారం మీది ఆశ సన్నగిల్లింది. మందు మీది ఆశ మిగిలింది. ఆంగ్లదేశపు అంగళ్లలో వ్యక్తుల పేర్లతో ‘ఎలిక్సిర్లు’ అమ్ముడుపోసాగినవి. 1889లో పారిస్ నగరంలో బ్రౌన్ సెకార్ అనే ప్రఖ్యాత శరీరశాస్త్రవేత్త, తన 72వ ఏట, జంతుగ్రంథుల సారాన్ని సూదిమందుగా పుచ్చుకొని యౌవనశక్తి తిరిగి వచ్చినదని ప్రకటించగానే, దానికి కూడా ‘ఎలిక్సిర్’ అన్న పేరే స్థిరపడింది. ఆ ఫలితం నిలువలేదు. పేరు మాత్రం నిలిచింది.

మరొక వైపు ఔషధశాస్త్రం ఈ పదాన్ని ఒక నియమంలో బంధించింది. ఆ శాస్త్రంలో ఎలిక్సిర్ అనగా నీరు, ఆల్కహాలు కలిసిన ద్రవంలో మందును కరిగించి, తీపి, సువాసన చేర్చి, నోటితో త్రాగడానికి అనువుగా చేసిన స్వచ్ఛమైన ద్రవౌషధం. చక్కెర పాకంతో చిక్కగా ఉండేది ‘సిరప్’. ఈ సిరప్ కూడా అరబ్బీ ‘షరాబ్’ నుండి వచ్చినదే. మనం వేసవిలో త్రాగే షర్బత్తు దానికి తోబుట్టువు.

సాటి మాటలు

ఆంగ్లంలో ఎలిక్సిర్‌కు దగ్గరగా వాడే మాటలు మరికొన్ని ఉన్నాయి. వాని తారతమ్యం తెలియక విద్యార్థులు ఒకదాని బదులు మరొకటి వాడుతుంటారు.

‘పనసీయా’ అనగా సర్వరోగనివారిణి. గ్రీకు పురాణంలో వైద్యదేవత అస్క్లేపియస్ కుమార్తె పేరు ఇది. నేటి ఆంగ్లంలో దీనిని తరచుగా నిషేధార్థంలోనే వాడుతారు. ఫలానా పథకం అన్ని సమస్యలకూ పనసీయా కాదు అంటారే కాని, అవును అనడం అరుదు.

‘నాస్ట్రం’ లాటిను పదం. ‘మాది’ అని దాని అర్థం. కూర్పు చెప్పకుండా ‘ఇది మా సొంత మందు’ అని అమ్మేవారి మాటనుండి వచ్చింది. దీనిలో ఎప్పుడూ నింద ధ్వనిస్తుంది. ఉర్దూ తెలిసిన విద్యార్థులు దీనిని ‘నుస్ఖా’తో ముడిపెట్టరాదు. నుస్ఖా అరబ్బీ పదం. ‘ప్రతి, నకలు’ అని మూలార్థం. వైద్యుడు వ్రాసి ఇచ్చే చీటీకి ఆ పేరు వచ్చింది. ధ్వనిలో పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్లు కాదు.

‘టాలిస్మన్’ అనగా తాయెత్తు. గ్రీకు ‘తెలెస్మా’ అరబ్బీలో ‘తిలిస్మ్’ అయి, అక్కడినుండి యూరపు భాషలకు పోయింది. హైదరాబాదువారికి ఈ మాటను పరిచయం చేయనక్కరలేదు. 1920లో నగరంలో పుట్టిన యునానీ మందు ‘జిందా తిలిస్మాత్’ పేరులో ఉన్నది ఇదే. ‘సజీవమైన మాయ’ అని ఆ పేరుకు అర్థం. సీసాలో ఉన్నవి మాత్రం నీలగిరి తైలం, కర్పూరం వంటి పేరు తెలిసిన ద్రవ్యాలు.

ఇక ‘మేజిక్ బుల్లెట్’. శరీరానికి హాని చేయక రోగక్రిమిని మాత్రమే కొట్టే మందును ఊహించి జర్మను శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఈ భావాన్ని ప్రచారం చేశాడు. 1910లో విపణికి వచ్చిన సాల్వర్సాన్ ఆ అన్వేషణ ఫలితమే. ఇక్కడ మూడు భాషల పోలిక గమనింపదగినది. తప్పక పనిచేసే మందును తెలుగువారు ‘రామబాణం’ అంటారు. ఉర్దూవారు ‘తీర్ బ హదఫ్’, అనగా గురికి తగిలిన బాణం అంటారు. పడమటివారు తుపాకిగుండు అన్నారు. ఆయుధం మారింది, రోగాన్ని శత్రువుగా, మందును అస్త్రంగా చూచే మానవహృదయం ఒక్కటే.

ఉర్దూలో ‘అక్సీర్’ నేటికీ సజీవమైన పదం. ఒక మందు అమోఘమని చెప్పడానికి అది ‘అక్సీర్ కా హుక్మ్ రఖ్తీ హై’ అంటారు. అమరత్వం విషయంలో మాత్రం ఉర్దూవారు ‘ఆబె హయాత్’ అనే మాటనే ఎక్కువగా తలుస్తారు. మహమ్మద్ హుస్సేన్ ఆజాద్ 1880లో ఉర్దూ కవుల చరిత్రకు ఆ పేరే పెట్టాడు. కనుక ఎలిక్సిర్‌ను తెలుగు చేసేటప్పుడు సందర్భాన్ని బట్టి మాటను ఎన్నుకోవాలి. ఆయుష్షు ప్రధానమైతే అమృతం, ప్రాణం తిరిగి రావడం ప్రధానమైతే సంజీవని, బంగారం ప్రధానమైతే సిద్ధరసం, మందుల అంగడి విషయమైతే ఎలిక్సిర్ అనియే వ్రాయడం ఉచితం.

మాట నిలబెట్టిన ప్రాణాలు

ఇప్పుడు మొదట చెప్పదలచిన సంగతికి వస్తాను. 1930 దశకంలో సల్ఫా మందులు వైద్యంలో కొత్త యుగాన్ని తెచ్చినవి. వానిలో ఒకటైన సల్ఫనిలమైడ్ మాత్రల రూపంలోనూ, పొడి రూపంలోనూ లభించేది. పిల్లలకు త్రాగించడానికి ద్రవరూపం కావాలని అడిగేవారు ఎక్కువైనందున, 1937లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రానికి చెందిన మాసెంగిల్ అనే సంస్థ దానిని డైఎథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో కరిగించి, పండ్ల రుచి చేర్చి, ‘ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్’ అన్న పేరుతో విడుదల చేసింది. రంగు, రుచి, వాసన పరీక్షించారు. విషమా కాదా అన్నది పరీక్షించలేదు. ఆ ద్రవం మూత్రపిండాలను చెడగొట్టే విషం. నూరుమందికి పైగా మరణించారు. వారిలో పలువురు పిల్లలు.

అమెరికా ఆహార, ఔషధ పరిపాలన శాఖవారు దేశమంతటా తిరిగి సీసాలను వెదకి పట్టుకొన్నారు. తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లకు పైగా తిరిగి స్వాధీనమైనది. అయితే వారికి ఆ అధికారం ఎట్లు కలిగింది? విషపూరితమైన మందును అమ్మరాదని నాటి చట్టంలో నేరుగా లేదు. మందును పరీక్షించిన తరువాతనే అమ్మాలన్న నియమమూ లేదు. ఉన్నదల్లా ఒక్కటే: పేరు తప్పుగా పెట్టరాదు. ‘ఎలిక్సిర్’ అంటే ఆల్కహాలు ఉండాలి. ఈ సీసాలో ఆల్కహాలు లేదు. కనుక పేరు తప్పు. ఈ ఒక్క కారణం మీద ఆ సీసాలను పట్టుకొన్నారు. దానికి ‘ద్రావణం’ అని పేరు పెట్టి ఉంటే ఆ చట్టం క్రింద ఏమీ చేయలేకపోయేవారు.

ఎన్ని ప్రాణాలను ఒక పదం యొక్క నిఖరమైన నిర్వచనం కాపాడినదో ఆలోచించండి. కవుల అమృతం, రసవాదుల బంగారం ఆనాడు పనికిరాలేదు. నీరు, ఆల్కహాలు, తీపి అన్న పొడి నిర్వచనమే పనికి వచ్చింది. మరుసటి సంవత్సరం, 1938లో, మందు అమ్మకానికి ముందే దాని నిరపాయతను రుజువు చేయవలెనన్న చట్టం అమెరికాలో వచ్చింది.

ఇది ముగిసిన కథ అని అనుకోరాదు. అదే డైఎథిలీన్ గ్లైకాల్ 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో గ్లిజరిన్‌లో కలిసి 14 మంది రోగులను బలిగొన్నది. 2022లో గాంబియా దేశంలో పిల్లల మరణాల సందర్భంగా, ఈ జాతి గ్లైకాల్ విషాలు కలిసిన దగ్గు, జలుబు మందులను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చేసింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్ త్రాగి 20 మందికి పైగా పిల్లలు మరణించినప్పుడు ఆ మందులో బయటపడినదీ ఈ విషమే.

మన చట్టంలో మాయమందు

అమెరికాలో ఒక పదం చట్టానికి ఆయుధమైనట్లే, మన దేశంలో కూడా ‘మేజిక్ రెమెడీ’ అన్న పదబంధానికి చట్టం నిర్వచనం ఇచ్చింది. 1954లో పార్లమెంటు మందులు, మాయమందుల ఆక్షేపణీయ ప్రకటనల చట్టాన్ని చేసింది. రోగాన్ని గుర్తించడానికి గాని, మాన్పడానికి గాని, రాకుండా చేయడానికి గాని అద్భుతశక్తి కలదని చెప్పే తాయెత్తు, మంత్రం, కవచం, ఇతర రక్షలు ఏవైనా మాయమందులేనని ఆ చట్టం చెబుతుంది. మధుమేహం, క్యాన్సరు, మూర్ఛ వంటి అనేక వ్యాధుల పట్టికను జతచేసి, వానిని మాన్పుతామంటూ ప్రకటనలు చేయడాన్ని నిషేధించింది. మొదటి నేరానికి ఆరు నెలల వరకు శిక్ష కలదు.

ఈ చట్టం నిషేధించినది ప్రకటననే కాని విశ్వాసాన్ని కాదు. ఇంటిలో పెద్దలు బిడ్డ మెడలో తావీజు కట్టడాన్నో, దువా చదవడాన్నో, దిష్టి తీయడాన్నో అది ప్రశ్నించదు. దానిని అంగడి సరకుగా చేసి, రోగం కుదురుతుందని హామీ ఇచ్చి, డబ్బు గుంజేవారినే ప్రశ్నిస్తుంది. ఈ చట్టం వాక్స్వాతంత్ర్యానికి భంగకరమన్న వాదం సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, 1959 డిసెంబరులో న్యాయస్థానం చట్టంలోని కొన్ని భాగాలను కొట్టివేసినా, నిషిద్ధమైన మందులను అమ్ముకొనడానికి చేసే వ్యాపార ప్రకటన భావప్రకటనా స్వేచ్ఛ క్రిందికి రాదని తీర్పు చెప్పింది. విశ్వాసానికీ వ్యాపారానికీ మధ్య ఒక గీత గీయవచ్చునని ఈ తీర్పువల్ల తెలుస్తుంది.

మనం నేర్చుకోదగినది

పేరులో కవిత్వం ఉండడం దోషం కాదు. తిలిస్మాత్, అమృతం, సంజీవని అన్న పేర్లు ప్రజల నాలుకపై శతాబ్దాలుగా నిలిచినవి. అవి మనిషి ఆశకు గుర్తులు. రోగి మంచం ప్రక్కన కూర్చున్నవారికి ఆశ అవసరం కూడా. కాని ఆశ ఒకటి, హామీ మరొకటి. పేరు ఆశను పలికితే అది సాహిత్యం. అదే పేరు హామీగా మారి డబ్బు అడిగినప్పుడు దానిని పరీక్షించడం మన హక్కు, మన బాధ్యత.

మన విద్యార్థినీ విద్యార్థులలో చాలామంది తమ ఇళ్లలో చదువుకొన్న మొదటి తరంవారు. మందు చీటీ చదివి పెట్టమని ఇరుగుపొరుగువారు మీ దగ్గరకే వస్తారు. గోడమీది ప్రకటన నిజమా అని అమ్మమ్మ, నానీమా మిమ్ములనే అడుగుతారు. అప్పుడు సీసామీది పెద్ద అక్షరాలతో ఆగిపోకండి. క్రింద చిన్న అక్షరాలలో ఏ ద్రవ్యాలు ఎంతెంత ఉన్నవని వ్రాసినారో, ఎవరు తయారుచేసినారో, గడువు ఎప్పటి వరకో చదివి చెప్పండి. కూర్పు చెప్పని మందును ఎంత గొప్ప పేరు ఉన్నా ప్రక్కన పెట్టించండి. పసిబిడ్డల విషయంలో వైద్యుని అడగనిదే ఏ తియ్యని మందూ పోయనీయకండి.

భాషను చదువుకొనడం పరీక్షకొరకు మాత్రమే కాదు. ఒక మాట ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పినట్లు నటిస్తున్నదో తెలిసికొనడమే భాషాధ్యయన ఫలం. గాయంమీది పొడిగా పుట్టిన మాట అమృతమై ఆశలు రేపింది. తిరిగి తన పొడి అర్థంలోనికి దిగివచ్చినప్పుడే ప్రాణాలు కాపాడింది. మాటకు హద్దు ఉన్నచోటనే మనిషికి రక్షణ ఉంటుందని ‘ఎలిక్సిర్’ కథ మనకు బోధిస్తున్నది.